నయం కాని జబ్బు, నయం చేయగల బాధ



"ఇక మా చేతుల్లో ఏమీ లేదమ్మా, ఇంటికి తీసుకెళ్ళండి." మన ఆసుపత్రుల్లో ఈ మాట రోజూ ఎక్కడో ఒకచోట వినబడుతూనే ఉంటుంది. చెప్పే డాక్టరు కఠినాత్ముడై చెప్పడు. గొంతు తగ్గించి, కేస్ షీటులోకి చూస్తూ చెబుతాడు. వినే తల్లి ఒళ్ళో ఆరేళ్ళ పిల్ల ఉంటుంది. అర్ధరాత్రి ఆ పిల్లకు నొప్పి లేస్తే ఏ మందు వేయాలి, ఆయాసం వస్తే ఎలా కూర్చోబెట్టాలి, ఫిట్స్ వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవేవీ డిశ్చార్జి కాగితంలో ఉండవు. ఎందుకు ఉండవన్నదే ఈ పూట నా ప్రసంగం. పిల్లల వైద్యుణ్ణి కాబట్టి కొంచెం మావాళ్ళ మీదే మాట్లాడాల్సి వస్తుంది. అందుకు మొహమాటమేమీ లేదు.

పాలియేటివ్ కేర్, అంటే ఉపశమన చికిత్స, అన్నది మీలో చాలామంది వినే ఉంటారు. జబ్బు పూర్తిగా పోకపోయినా దానివల్ల కలిగే నొప్పి, ఆయాసం, వాంతులు, భయం, నిద్రలేమి, ఇంటిల్లిపాది దిగులు, వీటన్నిటికీ పద్ధతి ప్రకారం చేసే వైద్యం అది. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచాక ఈ వైద్యానికి ఒక రూపం వచ్చింది. ఆమె మొదట నర్సు, తర్వాత సోషల్ వర్కరు, ఆ తర్వాత చదివి డాక్టరయిన మనిషి. అయితే అదంతా పెద్దవాళ్ళ కోసం. పిల్లల కోసమే ఒక హాస్పిస్ రావడానికి మరో 15 ఏళ్ళు పట్టింది. 1982లో ఆక్స్‌ఫర్డ్‌లో హెలెన్ హౌస్ మొదలైంది. పిల్లల ఉపశమన చికిత్స అంటే ఏమిటో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో నిర్వచించింది. అందులో ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ చికిత్స జబ్బు బయటపడిన రోజే మొదలవ్వాలి, అసలు జబ్బుకు మందులు నడుస్తున్నా ఆపేసినా ఇది మాత్రం సాగుతూ ఉండాలి.

సరిగ్గా ఇక్కడే మా డాక్టర్లలో చాలామంది పొరబడుతున్నారు. కీమో అయిపోయాక, ఆపరేషన్ కుదరదన్నాక, వెంటిలేటరు తీసేద్దామా అన్న మాట వచ్చాక మొదలయ్యేది పాలియేటివ్ అని వాళ్ళ లెక్క. ఈ లెక్క వల్ల రెండు నష్టాలు. బిడ్డకు నెలల తరబడి దక్కాల్సిన ఊరట ఆఖరి నాలుగు రోజులకు కుదించుకుపోతుంది. ఇక "పాలియేటివ్ వాళ్ళను పిలుస్తాం" అనగానే తల్లిదండ్రుల గుండె జారిపోతుంది, ఆశ వదులుకోమంటున్నారని.

ఈ చికిత్స ఏ పిల్లలకు కావాలంటే అందరికీ క్యాన్సరే గుర్తొస్తుంది. నిజానికి క్యాన్సర్ పిల్లలు అందులో ఒక భాగమే. ఏటేటా కండలు సన్నగిల్లిపోయే డుషేన్ జబ్బున్న మగపిల్లలు, స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీ ఉన్న పసివాళ్ళు, తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీతో మంచానికి అతుక్కుపోయిన వాళ్ళు, సరిచేయలేని గుండె లోపంతో పుట్టినవాళ్ళు, నెలలు నిండకుండా పుట్టి ఇంక్యుబేటర్‌లో ఉన్నవాళ్ళు, హెచ్ఐవి ఉన్నవాళ్ళు, అందరూ దీని కిందికి వస్తారు. వీళ్ళలో కొందరు పదేళ్ళు, ఇరవై ఏళ్ళు బతుకుతారు. అంతకాలం వాళ్ళ బాధ సంగతి ఎవరో ఒకరు చూడాలి కదా. లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన కమిషన్ 2017లో ఒక లెక్క తేల్చింది. ఏటా దాదాపు 25 లక్షల మంది పిల్లలు తీవ్రమైన బాధ అనుభవిస్తూ చనిపోతున్నారని, వాళ్ళలో 98 శాతానికి పైగా పేద, మధ్యాదాయ దేశాల పిల్లలేనని. ఆ దేశాల్లో మనదీ ఒకటి.

మరి డాక్టర్లకు జాలి లేదా? ఉంది. లేనిది చదువు. చిన్నపిల్లల నొప్పి గురించి వైద్యశాస్త్రం ఎంతకాలం పొరబడిందో చెబితే మీరు నమ్మరు. 1980ల దాకా పెద్ద పెద్ద దేశాల్లో కూడా అప్పుడే పుట్టిన బిడ్డలకు ఆపరేషన్ చేసేటప్పుడు చాలాచోట్ల సరైన మత్తు ఇచ్చేవారు కాదు. కదలకుండా కండరాలను సడలించే మందు ఇచ్చి కోసేవారు. పసికందుల నరాలు ఇంకా పూర్తిగా ఎదగలేదు కాబట్టి వాళ్ళకు నొప్పి పెద్దగా తెలియదని, మత్తు ఇస్తేనే ప్రాణానికి ప్రమాదమని పుస్తకాల్లో ఉండేది. ఇండోర్‌లో ఎంబీబీఎస్ చదివిన కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ అనే మన డాక్టరు ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి దీన్ని పరీక్షకు పెట్టాడు. ఆపరేషన్ థియేటర్‌కు వెళ్ళి వచ్చిన పసికందులు ఎందుకంత పాలిపోయి, నీరసించిపోయి వస్తున్నారన్నది అతని సందేహం. నెలలు నిండని బిడ్డల్లో కొందరికి ఫెంటనిల్ అనే బలమైన నొప్పి మందు కలిపి ఇచ్చి, కొందరికి మామూలు పద్ధతిలోనే ఆపరేషన్ చేసి రక్తపరీక్షలు పోల్చాడు. నొప్పి మందు అందని బిడ్డల ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు విపరీతంగా పెరిగాయి, ఆపరేషన్ తర్వాత చిక్కులూ వాళ్ళకే ఎక్కువ వచ్చాయి. ఇది 1987లో అచ్చయింది. అదే ఏడాది అమెరికా పిల్లల వైద్యుల సంఘం పసికందులకూ మత్తు ఇవ్వాల్సిందేనని ప్రకటించింది. నిన్నమొన్నటి సంగతి ఇది. నాకంటే సీనియర్లు చాలామంది అంతకు ముందే చదువు ముగించి ప్రాక్టీసులో కుదురుకున్నవాళ్ళు.

నొప్పి ఉన్న పిల్లవాడు ఏడుస్తాడని మనందరి నమ్మకం. మొదటి రోజు ఏడుస్తాడు, రెండో రోజూ ఏడుస్తాడు. నొప్పి వారాల తరబడి తీరకపోతే ఏడవడం మానేస్తాడు. గోడవైపు తిరిగి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకుంటాడు. బొమ్మ ఇస్తే చేతిలో పెట్టుకుంటాడు గానీ ఆడడు. పక్క సర్దుదామని దుప్పటి లాగితే కళ్ళు మాత్రమే తిప్పుతాడు. ఒళ్ళు కదిలిస్తే నొప్పి లేస్తుందని వాడికి తెలుసు, అందుకే కదలడు. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు "పిల్లాడు ప్రశాంతంగా ఉన్నాడు" అని రాసి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోతాడు. "లేదు సారూ, వీడు ఇట్లా ఉండేటోడు కాదు, కాలు నిలవని పోరడు" అని వాళ్ళ నాయనమ్మ వెనక నుంచి అంటూనే ఉంటుంది. ఆ వార్డులో నొప్పి గురించి ఎక్కువ తెలిసింది ఆ ముసలావిడకే.

మాటలు రాని పిల్లల నొప్పి కొలవడానికి తేలికైన పద్ధతులున్నాయి. ముఖం ఎలా ఉంది, కాళ్ళు ముడుచుకున్నాడా, ఒళ్ళు బిగబట్టాడా, ఏడుపు ఎలా ఉంది, ఎత్తుకుంటే ఊరుకుంటున్నాడా, ఈ అయిదూ చూసి ఒక్కోదానికి సున్నా నుంచి రెండు దాకా మార్కు వేస్తారు. మొత్తం పదికి. ఖర్చు లేదు, మిషను అక్కర్లేదు, రెండు నిమిషాల పని. జ్వరం చార్టు మంచానికి వేలాడుతుంది, నొప్పి చార్టు చాలా వార్డుల్లో కనబడదు. కొలవనిదానికి మందు ఎవరు రాస్తారు?

ఇక మందు సంగతికొస్తే, అసలు పేచీ అంతా మార్ఫిన్ దగ్గరే. పిల్లల్లో తగ్గని నొప్పికి రెండే మెట్లు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో తేల్చింది. కొద్దిపాటి నొప్పికి పారాసెటమాల్, ఐబుప్రొఫెన్. అంతకు మించితే మార్ఫిన్ లాంటి బలమైన మందు. అంతకుముందు మధ్యలో కోడీన్ అనే మెట్టు ఉండేది. కోడీన్ ఒంట్లోకి వెళ్ళి మార్ఫిన్‌గా మారితేనే పనిచేస్తుంది. కొందరు పిల్లల్లో అది మారనే మారదు, కొందరిలో మరీ ఎక్కువ మారి ప్రమాదం తెస్తుంది. అందుకని పిల్లలకు దాన్ని తీసేశారు.

మార్ఫిన్ అంటే డాక్టర్లకు మూడు భయాలు. అలవాటు పడిపోతాడేమో, ఊపిరి ఆగిపోతుందేమో, పోలీసు గొడవ వస్తుందేమో. తల్లిదండ్రులకు నాలుగోది, అది చావు దగ్గరపడ్డవాళ్ళకిచ్చే మందేమో అని. ఈ భయాలు ఊరికే పుట్టలేదు, కానీ తెలిసి వాడితే నిలబడవు. బరువును బట్టి చిన్న మోతాదుతో మొదలుపెట్టి, నొప్పి చూసుకుంటూ పెంచుతూ పోతే ఊపిరికి ముప్పు రావడం అరుదు. రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. తగ్గనిది మలబద్ధకం ఒక్కటే. అందుకే మార్ఫిన్‌తో పాటే విరేచనం సాఫీగా అయ్యే మందు రాయాలి. అది రాయని చీటీ సగం చీటీ. నొప్పి కోసం వాడే బిడ్డకు మందు కోసం ఆరాటపడే వ్యసనం పట్టుకోవడం చాలా అరుదు. ఒళ్ళు మందుకు అలవాటు పడుతుంది, నిజమే. ఆపాల్సి వస్తే ఒక్కసారిగా ఆపకుండా కొద్దికొద్దిగా తగ్గిస్తారు, అంతే.

ఇంట్లో ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. మార్ఫిన్ చేదుగా ఉండే నీళ్ళ మందుగానో, మాత్రగానో దొరుకుతుంది. నీళ్ళ మందయితే సూది తీసేసిన చిన్న సిరంజిలోకి తల్లి లాగుతుంది. గీత దగ్గరికి వచ్చిందో లేదో లైటుకెదురుగా పట్టుకుని చూస్తుంది. బుగ్గ లోపలివైపు మెల్లగా వదిలి, వెనకాలే తేనె నాకిస్తుంది. నాలుగు గంటలకోసారి ఇదే పని. ఎన్నింటికి ఇచ్చిందో క్యాలెండరు వెనకవైపు రాసి పెట్టుకుంటుంది. సీసా మిగతా పిల్లలకు అందకుండా బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. చదువు పెద్దగా లేని తల్లులు ఈ పని నర్సుల కంటే జాగ్రత్తగా చేయగా చూశాను. మూడోనాటికి పిల్లవాడు లేచి కూర్చుని ఫోన్‌లో క్రికెట్ పెట్టమని అడిగితే, "మత్తుమందు ఇస్తున్నారటగా" అన్న చుట్టాల నోళ్ళు వాటంతట అవే మూతపడతాయి.

పోలీసు భయానికి మాత్రం ఒక చరిత్ర ఉంది. మార్ఫిన్ తీసేది నల్లమందు నుంచే, ప్రభుత్వ లైసెన్సుతో ఆ నల్లమందు పండించే దేశం మనది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో గసగసాల మొక్కల నుంచి తీసిన నల్లమందు ప్రభుత్వ ఫ్యాక్టరీలకు చేరుతుంది. పండించే దేశంలోనే రోగికి మార్ఫిన్ దొరక్కుండా పోయింది. 1985లో మాదకద్రవ్యాల చట్టాన్ని దొంగ వ్యాపారం అరికట్టడానికి తెచ్చారు. ఆసుపత్రులు కూడా ఒకటికి నాలుగు లైసెన్సుల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చేసరికి, ఈ తలనొప్పి మాకెందుకని మందు తెప్పించడమే మానేశాయి. అట్లా మార్ఫిన్ సీసా ముఖమైనా చూడకుండా ఒక తరం డాక్టర్లు చదువు ముగించారు. కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 2014లో చట్టం సవరించారు. ఇప్పుడు గుర్తింపు పొందిన ఆసుపత్రికి రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ అనుమతి ఒక్కటి చాలు. చట్టం మారి పదేళ్ళు దాటింది. మా బుర్రల్లోని భయం మాత్రం ఇంకా 1985లోనే ఉంది.

ఇక రెండో అడ్డంకి, మాట్లాడటం. మందు కంటే కష్టమైనది ఇదే. "మా బాబుకు మాత్రం చెప్పకండి డాక్టరుగారూ" అని తండ్రి గది బయటే చెయ్యి పట్టుకుంటాడు. డాక్టరుకూ కావలసింది అదే, ఎందుకంటే ఆయనకూ ఆ మాటలు ఎలా మొదలుపెట్టాలో ఎవరూ నేర్పలేదు. ఇద్దరూ కలిసి లోపలికి వెళ్ళి నవ్వు ముఖం పెడతారు. బిడ్డకు ఏమీ తెలియదనుకుంటారు. మైరా బ్లూబాండ్ లాంగ్నర్ అనే అమెరికా పరిశోధకురాలు లుకేమియా పిల్లల వార్డులో కూర్చుని వాళ్ళను గమనించి 1978లో ఒక పుస్తకం రాసింది. ఎవరూ చెప్పకపోయినా పిల్లలకు తాము బతకమన్న సంగతి తెలుసు. మందులు మారడం చూసి, పక్క మంచం ఖాళీ అవడం చూసి, అమ్మ బయటికెళ్ళి ఎర్రటి కళ్ళతో రావడం చూసి తెలుసుకుంటారు. తెలిసిందని చెబితే అమ్మానాన్న బాధపడతారని వాళ్ళే దాచిపెడతారు. అయిదేళ్ళ వాడు ఇంట్లో పెద్దవాళ్ళను కాపాడుతుంటాడన్నమాట.

స్వీడన్‌లో క్యాన్సర్‌తో బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులను అడిగిన ఒక అధ్యయనం 2004లో వచ్చింది. బిడ్డతో చావు గురించి మాట్లాడామని చెప్పినవాళ్ళు 147 మంది. వాళ్ళలో ఒక్కరు కూడా, ఒక్కరంటే ఒక్కరు కూడా, ఎందుకు మాట్లాడామా అని విచారించలేదు. మాట్లాడనివాళ్ళలో నూటికి 27 మంది, మాట్లాడి ఉండాల్సిందే అని ఏళ్ళ తర్వాత కూడా బాధపడ్డారు. స్వీడన్ వేరు, మనం వేరు అంటారు కొందరు డాక్టర్లు. వేరే కావచ్చు. మన ఇళ్ళలో తాతయ్య పోతే పిల్లలు అక్కడే ఉంటారు, దేవుడి దగ్గరికి వెళ్ళాడని చెబుతాం, పెద్దకర్మ నాడు వాళ్ళ చేతే దణ్ణం పెట్టిస్తాం. చావు మాట పిల్లల చెవిన పడకుండా పెంచే సమాజమేమీ కాదు మనది. అయినా ఉన్నది ఉన్నట్టు బిడ్డ ముందు కుమ్మరించమని ఎవరూ అనడం లేదు. "నీకు ఏమనిపిస్తోంది నాన్నా?" అని అడిగి, వాడు చెప్పేదాకా ఆగితే చాలు. వాడు ఎంత అడిగితే అంతకే జవాబు. చాలాసార్లు వాడి ప్రశ్న చావు గురించే ఉండదు. సూది మళ్ళీ వేస్తారా, అమ్మ రాత్రి పక్కనే పడుకుంటుందా, నా సైకిల్ తమ్ముడికి ఇచ్చేస్తారా, ఇలాంటివే.

పెద్దవాళ్ళతోనూ ఇదే తంటా. అమెరికాలోని బోస్టన్‌లో 2000 సంవత్సరంలో వచ్చిన ఒక అధ్యయనం చూడండి. క్యాన్సర్‌తో చనిపోయిన పిల్లల విషయంలో, ఇక నయమయ్యే ఆశ లేదని డాక్టరు గ్రహించింది సగటున చావుకు 206 రోజుల ముందు. తల్లిదండ్రులకు అది అర్థమైంది 106 రోజుల ముందు. మధ్యలో వంద రోజులు. అంటే డాక్టరుకు తెలిసి ఇంటివాళ్ళకు తెలియని కాలం మూడు నెలల పైమాటే. ఆ మూడు నెలల్లో మన దగ్గరయితే ఏం జరుగుతుంది? ఎకరం పొలం అమ్ముడుపోతుంది, ఇంకో నగరంలో ఇంకో ఆసుపత్రి చూస్తారు, చివరికి ఐసీయూ గాజు తలుపు బయట నిలబడి బిడ్డను చూసుకుంటారు. ఇంటి దగ్గర ఉన్న రెండో బిడ్డ అన్నం తిన్నాడో లేదో అడిగేవాళ్ళుండరు. నిజం ముందే తెలిస్తే కూడా కొందరు పొలం అమ్మేవాళ్ళే, కాదనను. కానీ అది వాళ్ళు తెలిసి తీసుకున్న నిర్ణయం అవుతుంది.

డాక్టర్లు ఎందుకు చెప్పరంటే, పాలియేటివ్ అనడం ఓటమి ఒప్పుకోవడమని మా చదువు మాకు నూరిపోసింది కనక. ఈ ఓటమి భావన ఎంత తప్పో 2010లో బోస్టన్‌లోనే తేలింది. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న పెద్దవాళ్ళకు మొదటి నుంచే ఉపశమన చికిత్స కూడా కలిపి ఇస్తే, వాళ్ళు మిగతావాళ్ళ కంటే తక్కువ దిగులుతో ఉండటమే కాదు, రెండున్నర నెలలకు పైగా ఎక్కువ బతికారు. అది పెద్దవాళ్ళ మీద చేసింది, పిల్లలకు అచ్చంగా అదే లెక్క వర్తిస్తుందని చెప్పను. బాధ తగ్గిస్తే ఆయుష్షు తగ్గుతుందన్న అనుమానానికి మాత్రం అది గట్టి జవాబు.

నేర్పేవాళ్ళు లేకపోవడం మన ఒక్కరి జబ్బే కాదు. 1998లో అమెరికాలో పిల్లల క్యాన్సర్ వైద్యులను అడిగితే, చనిపోబోయే బిడ్డను చూసుకోవడం చేస్తూ, తప్పులు దిద్దుకుంటూ నేర్చుకున్నామనే ఎక్కువమంది చెప్పారు. మన దేశంలో ఉపశమన చికిత్సలో ఎం.డి. కోర్సు ముంబయి టాటా మెమోరియల్‌లో 2012లో మొదలైంది. 2019లో మారిన ఎంబీబీఎస్ చదువులో రోగితో మాట్లాడే తీరుకు, ఉపశమన చికిత్సకు కొంత చోటు ఇచ్చారు. కొంతే. పరీక్షలో ప్రశ్న రానిదాన్ని మన కుర్రాళ్ళు ఏమాత్రం చదువుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

తెలుగువాళ్ళకు మాత్రం ఒక మంచి ఉదాహరణ దగ్గరలోనే ఉంది. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలాట్ నడిపించిన ఉపశమన విభాగం, అందులో పిల్లల కోసం ప్రత్యేకంగా పెట్టిన కార్యక్రమం దేశంలో చాలామంది డాక్టర్లకూ నర్సులకూ బడి అయింది. పిల్లలకు నొప్పి మందుతో పాటు ఆటలు, చదువు, ఇంటికి వెళ్ళి చూసే బృందం, అన్నీ వైద్యంలో భాగమేనని అక్కడ చూసి నేర్చుకున్నారు. నగరంలో స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా సేవ చేస్తోంది. తెలంగాణలో కొన్ని జిల్లా ఆసుపత్రుల్లో ఉపశమన కేంద్రాలు వచ్చాయి. అయినా ఆదిలాబాద్ అడవి ఊళ్ళో, శ్రీకాకుళం తీరంలో ఉన్న బిడ్డకు ఇవన్నీ ఇప్పటికీ దూరమే. అక్కడి పీహెచ్‌సీ డాక్టరు నేర్చుకుంటే తప్ప ఆ దూరం తగ్గదు. కేరళ చేసిన పని అదే. 2008లో ప్రభుత్వ విధానం తెచ్చి, పంచాయతీ నర్సులను ఇంటింటికీ పంపింది.

ఇంట్లో నయం కాని జబ్బున్న బిడ్డ ఉన్న శ్రోతలకు ఒక మాట. డాక్టరును అడగడానికి సంకోచించకండి. "మా బిడ్డ నొప్పికి ఏం ఇస్తున్నారు? అది చాలకపోతే తర్వాత ఏం ఇస్తారు? రాత్రి ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ఈ ఆసుపత్రిలో పాలియేటివ్ వాళ్ళు ఉన్నారా?" అని అడగండి. ఇవి అడిగితే చికిత్స ఆపేస్తారని భయపడకండి. ఎవరూ ఆపరు, ఆపకూడదు కూడా. జవాబు రాకపోతే ఇంకోసారి అడగండి. మీరు అడుగుతుంటేనే మావాళ్ళు నేర్చుకుంటారు.

ఈ ప్రసంగం వింటున్న కుర్ర డాక్టర్లు, నర్సులు ఎవరైనా ఉంటే, వాళ్ళకూ ఒక విన్నపం. రేపటి రౌండ్స్‌లో జ్వరం, నాడి రాసే చోటే ప్రతి బిడ్డకూ నొప్పి అంకె కూడా వేయండి. అంకె నాలుగు దాటితే మందు రాయకుండా ఆ మంచం దగ్గర్నుంచి కదలకండి. మీ ఆసుపత్రికి మార్ఫిన్ అనుమతి లేకపోతే దరఖాస్తు పెట్టించండి. దానికి చట్టం ఇప్పుడు మీ పక్షానే ఉంది.